తెర మీద వైద్యపాఠం

ఉద్దేశం

మహమ్మారి వంటి ఆపత్కాలంలో చదువు ఆగిపోకుండా సాగిన తీరును తెలుసుకోవడం. ఏ విద్యను ఏ విధంగా నేర్చుకోవాలో ఆలోచించడం. వైద్యవృత్తిలో చేతి నేర్పుకూ మాట నేర్పుకూ గల స్థానాన్ని గుర్తించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విద్యలన్నీ ఒకే తీరుగా అలవడవు. పద్యాన్ని విని నేర్చుకోవచ్చు. లెక్కను చూసి నేర్చుకోవచ్చు. ఈత నేర్చుకోవాలంటే మాత్రం నీళ్ళలో దిగి తీరాలి. గట్టు మీద కూర్చొని ఎన్ని పాఠాలు విన్నా ఈత రాదు. వైద్యవిద్యలో ఈ మూడు రకాల చదువూ కలిసి ఉంది. వైద్యుడు వినవలసినవి ఉన్నాయి, చూడవలసినవి ఉన్నాయి, తన చేతులతో చేయవలసినవీ ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా నష్టపోయేది విద్యార్థి ఒక్కడే కాదు. రేపు అతని ముందుకు వచ్చే రోగి కూడా నష్టపోతాడు.

2020వ సంవత్సరంలో ప్రపంచంలోని అనేక దేశాలలో వైద్య కళాశాలల తలుపులు మూతపడ్డాయి. పాఠం తరగతి గదినీ ఆసుపత్రి వార్డునూ విడిచి సెల్‌ఫోను తెర మీదికి వచ్చింది. నీళ్ళు లేకుండా ఈత నేర్పవలసిన పరిస్థితి ఏర్పడింది. ఉపాధ్యాయులు ఆ పని ఎలా చేశారు? ఎంతవరకు చేయగలిగారు? ఎక్కడ ఆగిపోయారు? ఈ సంగతులు తెలుసుకొందాం.

చేతి అభ్యాసం

వైద్యానికి చేతి అభ్యాసం అవసరమని మన పూర్వులు ఏనాడో గుర్తించారు. శస్త్రవైద్యానికి పేరుపొందిన సుశ్రుత సంహితలో ‘యోగ్యాసూత్రీయం’ అనే అధ్యాయం ఉంది. ‘యోగ్య’ అంటే ఇక్కడ అభ్యాసం అని అర్థం. శస్త్రం పట్టబోయే శిష్యుడు మొదట వేటి మీద చేయి తిప్పుకోవాలో అందులో వివరించారు. కోయడం గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద నేర్చుకోవాలి. గీకడం వెంట్రుకలున్న తోలు మీద నేర్చుకోవాలి. నాళాన్ని పొడవడం తామరతూడు మీద, కుట్లు వేయడం గుడ్డ అంచుల మీద, మెత్తని తోలు మీద నేర్చుకోవాలి. కట్లు కట్టడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ కావాలి. శాస్త్రమంతా చదివినా ఈ అభ్యాసం లేనివాడు చికిత్సకు తగడని ఆ గ్రంథం తేల్చి చెప్పింది.

ఇప్పటి ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరాలు. ఆ తర్వాత ఒక ఏడాది హౌస్ సర్జన్‌గా ఆసుపత్రిలో పనిచేయాలి. మొదటి సంవత్సరంలో విద్యార్థులు డిసెక్షన్ హాలులో మృతదేహం చుట్టూ నిలబడి, నరమేదో నాళమేదో తాకి గుర్తుపడతారు. చనిపోయిన తర్వాత తమ దేహాన్ని కళాశాలకు ఇవ్వాలని ముందుగానే రాసి ఇచ్చిన దాతలు అక్కడ తొలి గురువులు. పై తరగతులకు వచ్చాక విద్యార్థులు వార్డులో రోగి మంచం దగ్గర నిలబడతారు. రోగితో మాట్లాడి, అతని పొట్టను, ఛాతీని పరీక్షించి, తాము గ్రహించింది గురువుకు చెబుతారు. గురువు అదే చోట తన చేయి వేసి చూసి సరిదిద్దుతాడు. ఇదే వైద్యవిద్యకు ఆయువుపట్టు.

ఆనాటి మహమ్మారులు

వైద్య విద్యార్థులకు అంటువ్యాధుల కాలం కొత్తది కాదు. అయితే లోగడ ఇటువంటి ఆపదలు వచ్చినప్పుడు వాళ్ళను ఆసుపత్రికి పిలిచిన సందర్భాలు ఉన్నాయి. 1918లో ఇన్‌ఫ్లూయెంజా అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరాన్ని చుట్టుముట్టింది. డాక్టర్లలో, నర్సులలో చాలామంది అప్పటికే మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్ళి ఉన్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తరగతులు ఆపి, మూడు, నాలుగు సంవత్సరాల వైద్య విద్యార్థులను రోగుల సేవకు పంపారు. ఆ జబ్బు గురించి వాళ్ళు విన్నది ఒకే ఒక్క ఉపన్యాసం. అప్పుడు మూడో సంవత్సరం చదువుతున్న ఐజక్ స్టార్ తర్వాత పేరుపొందిన వైద్యుడై ఆనాటి జ్ఞాపకాలను గ్రంథస్థం చేశాడు.

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వచ్చిన రోగులలో పలువురికి శ్వాస కండరాలు చచ్చుబడి, ఊపిరాడక ప్రాణాపాయం ఏర్పడింది. మొదటి మూడు వారాలలో అలాంటి 31 మందిలో 27 మంది మరణించారు. ఊపిరి ఆడించే యంత్రాలు అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు ఒక ఉపాయం చూపాడు. రోగి గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం అమర్చి, దానికి తగిలించిన రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరితిత్తులలోకి గాలి పంపాలి. కాని ఆ సంచిని రాత్రింబగళ్ళు నొక్కేది ఎవరు? సుమారు 1500 మంది విద్యార్థులు వంతులు వేసుకొని ఆ పని చేశారు. మరణాల సంఖ్య బాగా తగ్గింది. విద్యార్థుల చేతులే అక్కడ యంత్రాలయ్యాయి.

తలుపులు మూసిన కాలం

2020లో జరిగింది ఇందుకు భిన్నం. కోవిడ్-19 వ్యాధి 2019 డిసెంబరులో చైనాలోని వూహాన్ నగరంలో బయటపడింది. మన దేశంలో తొలి కేసును 2020 జనవరి 30న కేరళలో గుర్తించారు. ఆ తొలి రోగి వూహాన్‌లో వైద్యవిద్య చదువుతూ ఇంటికి వచ్చిన విద్యార్థిని కావడం గమనించదగిన విషయం. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుంచి మన దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి.

విద్యార్థులను ఇంటికి పంపడానికి కారణాలు ఉన్నాయి. ఈ వ్యాధి సోకినా కొందరికి దగ్గు, జ్వరం కనిపించవు. అలాంటి విద్యార్థి ఒక్కడు వార్డులో తిరిగితే ఎందరికో అంటించగలడు. ఒక మంచం చుట్టూ పదిమంది గుమిగూడడమే ప్రమాదమైంది. పైగా డాక్టర్లకు, నర్సులకే మాస్కులు, రక్షణ దుస్తులు చాలని రోజులవి. అనేక ఆసుపత్రులు కోవిడ్ ఆసుపత్రులుగా మారగా, ఇతర జబ్బులవారు రావడం తగ్గింది. పాఠం చెప్పవలసిన గురువులే రాత్రి డ్యూటీలలో మునిగిపోయారు. అమెరికాలో వైద్య కళాశాలల సంఘం మార్చి 17న, విద్యార్థుల వార్డు శిక్షణను ఆపడం మంచిదని సలహా ఇచ్చింది. ఇటలీలో మాత్రం చదువు పూర్తయిన సుమారు పదివేల మందిని, వృత్తిలో చేరడానికి రాయవలసిన పరీక్ష లేకుండానే పనిలోకి తీసుకోవడానికి ప్రభుత్వం సిద్ధపడింది. చదువు ముగిసినవాళ్ళ చేతులు కావాలి. మధ్యలో ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. ఆ మధ్యలో ఉన్నవాళ్ళకు చదువెలా?

తెర మీదికి వచ్చిన గురువు

ఈ ప్రశ్నకు దొరికిన జవాబే ఆన్‌లైన్ పాఠం. ఇది ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది, గురువు చెబుతూ ఉండగానే విద్యార్థులు ఎవరి ఇంట్లో వారు చూసేది. ఇందులో వెంటనే ప్రశ్న అడగవచ్చు. రెండవది, ముందుగా రికార్డు చేసి పెట్టినది. దీనిని ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా చూడవచ్చు. జూమ్, గూగుల్ మీట్ వంటి ఏర్పాట్లు మొదటి దానికి ఉపయోగపడ్డాయి. యూట్యూబు, వాట్సాప్ బృందాలు రెండవ దానికి ఉపయోగపడ్డాయి.

తరగతిలో చెప్పినట్లే గంటసేపు చెబితే తెర ముందు వినడం కష్టమని ఉపాధ్యాయులు త్వరలోనే గ్రహించారు. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, మధ్యలో ప్రశ్నలు వేసే పద్ధతి వచ్చింది. కొందరు ఒక రోగి కథను మెట్టుమెట్టుగా చెప్పి నడిపించారు. ‘నలభై ఏళ్ళ రైతు. మూడు రోజులుగా జ్వరం. మీరు మొదట ఏమి అడుగుతారు?’ అని గురువు ఆగుతాడు. విద్యార్థులు ప్రశ్నలు రాస్తారు. వాటికి తగిన జవాబు చెప్పి, తర్వాతి మెట్టు ఎక్కిస్తాడు. ఇలా ఆలోచించే పద్ధతిని దూరం నుంచి కూడా నేర్పవచ్చునని తేలింది.

కొన్ని విషయాలలో తెర తరగతి గది కంటే మెరుగనిపించింది. సూక్ష్మదర్శినిలో కణజాలాన్ని చూపించే పాఠమే తీసుకోండి. గురువు చూపుతున్న కణాన్నే విద్యార్థి చూస్తున్నాడో, పక్కదాన్ని చూస్తున్నాడో తెలుసుకోవడం ప్రయోగశాలలో కష్టం. తెర మీద ఆ బొమ్మ అందరికీ ఒకేలా కనిపిస్తుంది. బాణం గుర్తు ఎక్కడుంటే అందరి చూపూ అక్కడే ఉంటుంది. ఎక్స్‌రేలు, గుండె పనితీరు చూపే ఇ.సి.జి. కాగితాలు కూడా ఇలాగే బాగా అర్థమయ్యాయి. వెనుక బెంచీ అనేది లేకుండా పోయింది. నోరు విప్పి అడగడానికి జంకే విద్యార్థి ప్రశ్నను టైపు చేసి పంపగలిగాడు.

తెరకు అందనివి

మరి చేతితో నేర్చుకోవలసినవి? ఒక ఉదాహరణ చూద్దాం. ఆస్ట్రియా దేశపు వైద్యుడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ 1761లో ఒక కొత్త పరీక్షను లోకానికి తెలిపాడు. ఆయన తండ్రి పూటకూళ్ళ ఇల్లు నడిపేవాడు. సారాయి పీపాలో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి దాన్ని తట్టి చూసేవారు. ఛాతీని కూడా అలాగే తట్టి లోపల ఏముందో తెలుసుకోవచ్చునన్న ఆలోచన ఆయనకు అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు. నేటికీ వైద్యులు ఎడమచేతి నడిమివేలిని రోగి ఛాతీ మీద ఆనించి, దానిపై కుడిచేతి నడిమివేలితో తడతారు. గాలి నిండిన ఊపిరితిత్తి ఖాళీ కుండలా మోగుతుంది. నీరు చేరిన చోట రాయిని తట్టినట్లు మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా చెవికి వినిపించడమే కాదు, ఆనించిన వేలికీ తెలుస్తుంది. వేలికి తెలిసే సంగతిని ఏ తెర అందించగలదు?

గుండె చప్పుడు వినిపించడంలోనూ చిక్కే వచ్చింది. ఫ్రాన్సు వైద్యుడు రెనే లెనెక్ 1816లో కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి విన్నాడు. అదే స్టెతస్కోపుకు మూలం. గుండె చప్పుడు మంద్రస్థాయిలో ఉంటుంది. ఫోనులోని చిన్న స్పీకరు అటువంటి ధ్వనిని సరిగా పలికించలేదు. మాట స్పష్టంగా వినిపించాలని పక్క శబ్దాలను అణచివేసే ఏర్పాటు కొన్ని ఆన్‌లైన్ తరగతులలో ఉంటుంది. అది గుండె చప్పుడును కూడా పక్క శబ్దంగానే భావించి తీసివేయగలదు! అందువల్ల ఉపాధ్యాయులు రికార్డు చేసిన గుండె చప్పుళ్ళను పంపి, మంచి ఇయర్‌ఫోన్లతో వినమనేవారు. అలా విన్నవాడికి చప్పుడు తెలుస్తుంది. కాని స్టెతస్కోపును ఛాతీ మీద ఎక్కడ ఆనించాలో, ఎంత గట్టిగా ఆనించాలో రోగి దగ్గరకు వెళ్తేనే తెలుస్తుంది.

ఇంట్లో ఉన్న వస్తువులతో కొంత సాధన చేయవచ్చు. నాయనమ్మ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి నాడిని లెక్కించవచ్చు. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళకు అది నిమిషానికి 60 నుంచి 100 వరకు ఉంటుంది. అరటితొక్క మీద, పాత గుడ్డ మీద సూదీ దారంతో కుట్లు సాధన చేయవచ్చు. సుశ్రుత సంహితలోని సొరకాయ, గుడ్డ అంచు ఇక్కడ మనకు గుర్తుకు వస్తాయి. ఆగిన గుండెను తిరిగి ఆడించడానికి ఛాతీని నొక్కే విధానం ఉంది. పెద్దవాళ్ళకైతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. దిండును నొక్కుతూ ఆ వేగాన్ని అలవాటు చేసుకోవచ్చు. కాని ఛాతీ ఎముకలు ఎదురొత్తినప్పుడు ఎంత బలం పెట్టాలో దిండు నేర్పదు. సుశ్రుతుని కాలంలో కూడా సొరకాయ తొలిమెట్టు మాత్రమే. ఆ మెట్టు మీదే నిలబడిపోతే వైద్యుడు తయారుకాడు.

అందరికీ అందని తరగతి

తెర ముందు అందరూ సమానమే అని అనుకొంటాం. కాని తెర దాకా రావడంలోనే తేడాలు ఉన్నాయి. గంటసేపు వీడియో పాఠానికి అర జీబీ నుంచి ఒక జీబీ దాకా డేటా ఖర్చు కావచ్చు. ఆ రోజుల్లో చాలామంది వాడే పథకాలలో రోజుకు వచ్చేది ఒకటిన్నర లేదా రెండు జీబీలు. ఉదయం మూడు తరగతులు జరిగితే మధ్యాహ్నానికే డేటా అయిపోయేది. ఇంట్లో ఒకే ఫోను ఉండి, తమ్ముడికీ చెల్లెలికీ కూడా తరగతులు ఉంటే ఎవరిది మానాలి? సిగ్నలు కోసం మేడ మీదికో, ఊరి బయటి చెట్టు కిందికో వెళ్ళేవాళ్ళకు వానొస్తే పాఠం ఆగినట్లే.

ఈ చిక్కులు తెలిసిన ఉపాధ్యాయులు పాఠాన్ని మాట రూపంలో మాత్రమే రికార్డు చేసి పంపారు. బొమ్మలను విడిగా పంపారు. దీనికి డేటా తక్కువ పడుతుంది. కెమెరా ఆపుకొన్న విద్యార్థిని వెంటనే తప్పుపట్టకూడదని కూడా నేర్చుకొన్నారు. తెర చీకటిగా ఉంటే దాని వెనుక సోమరితనమే ఉండనక్కరలేదు. ఒకే గదిలో ఇల్లంతా సర్దుకొనే కుటుంబం ఉండవచ్చు; జ్వరంతో పడుకొన్న తండ్రి ఉండవచ్చు.

ఫోనులో వినిపించిన ఊపిరి

వైద్య కళాశాలలను 2020 డిసెంబరు 1 నాటికి తెరవడం మంచిదని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ నవంబరు 25న రాష్ట్రాలకు రాసింది. విద్యార్థులు తిరిగి వచ్చారు. అంతలో 2021 వేసవిలో రెండో విడత కోవిడ్ మరింత తీవ్రంగా వచ్చింది. ఆసుపత్రులలో మంచాలు చాలలేదు, ఆక్సిజన్ చాలలేదు. అప్పుడు, అంటే 2021 మే 3న, కేంద్రప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. హౌస్ సర్జన్లను అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ పనికి తీసుకోవచ్చు. ఎం.బి.బి.ఎస్. చివరి సంవత్సరం విద్యార్థులు, తగిన శిక్షణ పొంది, అధ్యాపకుల పర్యవేక్షణలో, జబ్బు తక్కువగా ఉన్నవారిని ఫోను ద్వారా గమనిస్తూ సలహా చెప్పవచ్చు. అంతవరకు తెర మీద పాఠం విన్నవాడు ఇప్పుడు అదే ఫోనుతో రోగిని పలకరించవలసి వచ్చింది.

ఫోనులో చేయి వేసి చూడలేము. ముఖం కూడా కనిపించదు. ఉన్నది మాట ఒక్కటే. ఆ సంభాషణ ఇలా సాగిందనుకోండి:

“అమ్మా, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానండీ. ఈ రోజు ఒంట్లో ఎలా ఉంది?”

“బాగానే... ఉంది బాబూ. కొంచెం... నీరసం... అంతే.”

“జ్వరం చూసుకొన్నారా?”

“పొద్దున... నూరు... ఉంది.”

“మీ దగ్గర ఎవరున్నారమ్మా?”

“మా కోడలు... ఉంది.”

“ఫోను ఒకసారి ఆవిడకు ఇవ్వండమ్మా. వేలికి పెట్టి చూసే మిషను ఇంట్లో ఉందేమో కనుక్కొంటాను.”

ఆమె మాట ‘బాగానే ఉంది’ అంటున్నది. ఆమె ఊపిరి మాత్రం వేరే సంగతి చెబుతున్నది. ఆరోగ్యవంతులు ఒక వాక్యాన్ని ఒక్క ఊపిరిలో చెప్పగలరు. రెండు మాటలకొకసారి ఆగవలసి వస్తున్నదంటే ఊపిరితిత్తులకు గాలి చాలడం లేదేమోనని అనుమానించాలి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరులో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే ఆలస్యం చేయరాదు. విద్యార్థి తాను విన్నదీ, మిషను చూపిన అంకె ఎంతో, వెంటనే అధ్యాపకునికి చెప్పాలి. ఆసుపత్రికి తరలించాలా వద్దా అన్న నిర్ణయం అధ్యాపకునిది. అత్యవసర పరిస్థితిని పసిగట్టి అధ్యాపకుని దాకా చేర్చడం విద్యార్థి పని.

ఇలా వినాలంటే రోగి భాష తెలియాలి. వైద్యశాస్త్రం ఇంగ్లీషులో ఉన్నా, నొప్పి ఇంగ్లీషులో రాదు. తెలుగులో నొప్పికి ఎన్ని పేర్లున్నాయో చూడండి. పంటికి పోటు, పుండుకు సలుపు, కడుపులో మంట, కాళ్ళకు పీకులు, చేతికి తిమ్మిరి. పోటు అంటే పొడిచినట్లు. పీకు అంటే లాగినట్లు. మాట మారితే బాధ మారుతుంది. దానితో వైద్యుడు వెతకవలసిన కారణం కూడా మారవచ్చు. అందుకే 2019 నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరపు విద్యార్థులకు స్థానిక భాష నేర్పే ఏర్పాటు చేశారు. బళ్ళారిలో చదివే తెలుగు విద్యార్థికి కన్నడం కావాలి. బరంపురంలో ఒడియా కావాలి. విశాఖపట్నంలో చదివే తమిళ విద్యార్థికి తెలుగు కావాలి. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష వినే హోసూరు, షోలాపూరు పిల్లలకు ఇది కొత్త విషయం కాదు. రెండు భాషలలో బాధను అర్థం చేసుకోగలగడం ఒక వైద్యునికి పెద్ద ఆస్తి.

చేతి చదువుకు విలువ

తెర మీద చదివిన చదువు వైద్యుడు కావడానికి చాలునా? ఈ ప్రశ్న కొందరి జీవితాలనే కదిలించింది. చైనాలో వైద్యవిద్య చదువుతూ 2020లో మన దేశానికి వచ్చిన విద్యార్థులు రెండేళ్ళకు పైగా తిరిగి వెళ్ళలేకపోయారు. వాళ్ళలో మన తెలుగువారూ ఉన్నారు. వార్డులో నేర్వవలసిన చదువు కూడా వాళ్ళకు తెర మీదే సాగింది. అప్పులు చేసి పంపిన తల్లిదండ్రులు ఒకవైపు. రేపు వీళ్ళ చేతిలో ప్రాణం పెట్టవలసిన రోగులు మరొకవైపు. ఎవరి పక్షాన న్యాయం చెప్పాలి?

2022 జూలై 28న జాతీయ వైద్య కమిషన్ ఒక మార్గం చూపింది. చివరి సంవత్సరంలో ఉండగా కోవిడ్ వల్లనో యుద్ధం వల్లనో స్వదేశానికి వచ్చి, ఆ సంవత్సరం జూన్ 30 నాటికి పట్టా పొందినవారు ఇక్కడ అర్హత పరీక్ష రాయవచ్చు. అందులో నెగ్గితే, ఒక ఏడాదికి బదులు రెండేళ్ళు ఆసుపత్రిలో శిక్షణ పొందాలి. విద్యార్థుల శ్రమను తోసివేయకుండా, చేతికి అందని పాఠాన్ని చేతితోనే నేర్చుకోమన్న నిర్ణయమిది. ఒక ఏడాది ఎక్కువ పట్టడం ఆ విద్యార్థులకు భారమే. కాని రోగి పొట్ట మీద చేయి వేసి జబ్బును గుర్తించలేని వైద్యుడు సమాజానికి అంతకంటే పెద్ద భారం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ విషయంలో ప్రకటించిన అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని 2023 మే 5న ఎత్తివేసింది. 2020లో మొదటి సంవత్సరం చదువుతూ ఇంటిదారి పట్టిన విద్యార్థులలో చాలామంది ఇప్పుడు వైద్యులయ్యారు. ఆ కష్టకాలం నేర్పిన పద్ధతులు కళాశాలలలో కొంత నిలిచాయి. విని, చూసి తెలుసుకోదగినదాన్ని తెర మీద ముందే తెలుసుకొంటే, గురుశిష్యులు కలిసిన సమయమంతా రోగి చెంత గడపవచ్చు. గట్టు మీద చెప్పవలసింది గట్టు మీద చెప్పాలి. ఈత మాత్రం నీళ్ళలోనే నేర్పాలి. ఏది ఎక్కడ నేర్పాలో తెలుసుకోవడమే ఆ రెండేళ్ళు ఉపాధ్యాయులకు నేర్పిన పాఠం.

కొత్త మాటలు - అర్థాలు

మహమ్మారి = అనేక దేశాలకు వ్యాపించి ప్రాణాలు తీసే అంటువ్యాధి
శస్త్రం = కోయడానికి వాడే వైద్య పరికరం
తామరతూడు = తామరపువ్వు కాడ
ఆయువుపట్టు = ప్రాణం నిలిచి ఉండే చోటు; అతి ముఖ్యమైన భాగం
విజృంభించు = చెలరేగు
మంద్రస్థాయి = ధ్వని కింది స్థాయి
పసిగట్టు = ముందుగా గ్రహించు
పర్యవేక్షణ = పైనుండి చూసుకోవడం
గ్రంథస్థం చేయు = రాసి భద్రపరచు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. ‘యోగ్య’ అంటే ఏమిటి? సుశ్రుత సంహితలో దేని మీద ఏ అభ్యాసం చేయాలని చెప్పారు?
2. కోపెన్‌హేగన్‌లో విద్యార్థులు చేసిన సేవ ఏమిటి?
3. ఛాతీని తట్టి చూసే పరీక్షలో వైద్యుడు ఏమి తెలుసుకొంటాడు?
4. గుండె చప్పుడును ఆన్‌లైన్ తరగతిలో వినిపించడం ఎందుకు కష్టం?
5. కెమెరా ఆపుకొన్న విద్యార్థిని వెంటనే ఎందుకు తప్పుపట్టకూడదు?

II. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. తెర మీద బాగా నేర్వదగినవి ఏవి? నేర్వలేనివి ఏవి? పాఠం ఆధారంగా వివరించండి.
2. 1918, 1952, 2020 సంవత్సరాలలో వైద్య విద్యార్థుల పాత్ర ఎలా ఉన్నదో పోల్చి రాయండి.
3. విదేశాల నుంచి వచ్చిన విద్యార్థుల విషయంలో 2022లో చేసిన నిర్ణయం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

III. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
ఆయువుపట్టు, వేళ్ళ మీద లెక్కపెట్టు, పసిగట్టు, చేయి తిప్పుకొను

IV. వ్యాకరణం
1. విడదీసి సంధి పేరు రాయండి: ఊపిరాడక, ప్రాణాపాయం, అత్యవసరం.
ఉదాహరణ: వానొస్తే = వాన + వస్తే అని కాదు; వాన + ఒస్తే. వాడుకలో ‘వస్తే’ అన్నది ‘ఒస్తే’గా పలికినందువల్ల ఇక్కడ అత్వసంధి జరిగింది.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు చెప్పండి: వైద్యవిద్య, గురుశిష్యులు, మూడు వారాలు.

V. చేయండి
1. మీ ఇంట్లో పెద్దవారి నాడిని ఒక నిమిషంపాటు లెక్కించి రాయండి. ఆ పని పుస్తకంలో చదివినప్పటికీ, చేసినప్పటికీ ఏమి తేడా కనిపించిందో తరగతిలో చెప్పండి.
2. నొప్పిని, బాధను తెలిపే తెలుగు మాటలను మీ ఇంటి పెద్దలను అడిగి సేకరించండి. మీ రాష్ట్రభాషలో వాటికి సరిపోయే మాటలను పక్కన రాయండి. ఏ మాటకు సరైన జోడీ దొరకలేదో గమనించండి.